మునీశ్వరి జవాబు పత్రం

గుట్టకిందపల్లె బడిలో మునీశ్వరిని చూసి జాలిపడేవాళ్ళు కొందరు, విసుక్కునేవాళ్ళు చాలామంది. మునీశ్వరికి మాత్రం ఆ రెండు రకాల వాళ్ళ మీదా ఒకటే కోపం.

పుట్టినప్పుడు ఏడవలేదట. మంత్రసాని తలకిందులుగా పట్టుకుని వీపు మీద చరిస్తే చాలాసేపటికి కుయ్యిమన్నదట. మెడ నిలవడానికి రెండేళ్ళు, కూర్చోవడానికి నాలుగేళ్ళు పట్టింది. కాళ్ళు కత్తెరలా ఒకదాని మీద ఒకటి పడతాయి. చేతులు ఆమె మాట సగమే వింటాయి. నోరు మాట్లాడుతుంది కానీ నాలుక మొద్దు. అలవాటు లేనివాళ్ళకు అది మూలుగులాగే వినిపిస్తుంది. పెదవి పక్కన సొంగ కారుతూనే ఉంటుంది. బుర్ర మాత్రం కొడవలి. ఆ సంగతి తల్లి ఆదెమ్మకు తెలుసు, తండ్రి చిన్నప్పకు కొంత తెలుసు. ఊరికి తెలియదు.

బడి ఈడు పిల్లలు ఒక్కరు కూడా బయట ఉండకూడదని పైనుంచి ఉత్తర్వులు వచ్చిన ఏడాది, అంటే తొంభై తొమ్మిదిలో, హెడ్మాస్టరు గంగాధరం తనే ఇంటికి వచ్చి మునీశ్వరి పేరు రాసుకుపోయాడు. అప్పటికి ఆమెకు ఎనిమిదేళ్ళు. ఆదెమ్మ సంబరపడి, తల దువ్వి, చంకనెత్తుకుని తీసుకుపోతే, ఆయన వరండాలో గోనెసంచి పరిపించాడు.

"లోపల యాడుండాదమ్మా చోటు? ఈడయితే గాలి బాగొస్తాది" అన్నాడు.

మూడేళ్ళు ఆ గాలి పీల్చింది మునీశ్వరి. గోనె మీద కూర్చుంటే కిటికీలోంచి నల్లబల్ల కుడి సగమే కనిపించేది. ఎడమ సగంలో ఏముందో సార్ గొంతు విని పూరించుకునేది. అలాగే అక్షరాలు వచ్చాయి, అలాగే ఎక్కాలు వచ్చాయి. పిల్లలు పోతూ వస్తూ "సొంగమునెమ్మా" అని పిలిచేవాళ్ళు. అందుబాటులోకి వచ్చిన కాలిని ఆమె కొరికేది. ఒకసారి పాలకేంద్రం ముద్దుకృష్ణ కూతురు ప్రసన్నలక్ష్మి మడమ మీద పంటిగాట్లు పడ్డాయి. ముద్దుకృష్ణ బడి కమిటీ చైర్మన్ కూడా. ఆ రోజు బడి ముందు నిలబడి, అది పిల్లా కుక్కా అని అరిచాడు. ఆదెమ్మ చేతులు జోడించింది. మునీశ్వరి జోడించలేదు. ఆమె చేతులు జోడించుకోలేవు కూడా.

రెండువేల రెండులో కౌసల్య మేడం వచ్చింది. మదనపల్లె ఆమె. వికలాంగ పిల్లలు మామూలు బడుల్లోనే చదవాలని, వాళ్ళను చూసుకోవడానికి ప్రభుత్వం కాంట్రాక్టు మీద పెట్టుకున్న టీచరు. ఒక్కో బడికి వారానికొక రోజు చొప్పున బస్సుల్లో, ఆటోల్లో తిరిగేది. రాగానే గంగాధరంతో పోట్లాడి మునీశ్వరిని వరండా నుంచి తరగతి లోపలికి మార్పించింది. బెంచీ మీద పక్కన కూర్చోవడానికి ఎవరూ ఒప్పుకోకపోతే, చిన్నప్ప ఇంట్లో ఉన్న ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి వెనక గోడకు ఆనించి వేశాడు.

ఇంత చేసిన కౌసల్య మీద మునీశ్వరికి కృతజ్ఞత ఉండాలి కదా. లేదు. ఎందుకంటే కౌసల్య తన సంచిలోంచి రంగురంగుల రింగులు తీసి, "బంగారూ, ఎర్రది ఏదో చూపించు" అనేది. పదకొండేళ్ళ పిల్లను ఎర్రది చూపించమనేది. మొదటి రెండు వారాలూ మునీశ్వరి గోడవైపు చూస్తూ కూర్చుంది. ఆ పిల్లకు రంగులు తెలియవని కౌసల్య తన పుస్తకంలో రాసుకుంది. మూడో వారం మునీశ్వరి మోచేత్తో రింగులన్నీ నేలమీదికి తోసి, మేడం సంచిలోంచి తొంగిచూస్తున్న దినపత్రికను లాగి, పైన ఉన్న పెద్దక్షరాల వార్తను గట్టిగా చదవడం మొదలుపెట్టింది.

"ఏంటమ్మా, కడుపు నొప్పా?" అని కంగారుపడింది కౌసల్య.

మునీశ్వరి మళ్ళీ చదివింది. మూడోసారి చదువుతూ ఒక్కొక్క మాట దగ్గరా వేలు పెట్టింది. వేలు వణుకుతూ పక్క మాట మీదికి జారిపోతుంటే కోపంతో మళ్ళీ వెనక్కి లాక్కొచ్చింది. అప్పుడు కౌసల్య ముఖం పాలిపోయింది. తన పుస్తకం తీసి, రాసుకున్నదంతా కొట్టేసింది.

ఆ తర్వాత రింగులు రాలేదు. పుస్తకాలు వచ్చాయి. అలా మునీశ్వరి ఏడో తరగతిదాకా వచ్చింది.

ఏడో తరగతికి జిల్లా అంతటా ఒకటే పరీక్ష. అందులో పాసైతేనే హైస్కూలు. గంగాధరం బడిలో తొమ్మిదేళ్ళుగా ఒక్కరు కూడా తప్పలేదు. ఆ మాట ఆయన గదిలో గోడమీద రంగుతో రాయించి ఉంది. రెండువేల ఐదు జనవరిలో కౌసల్య, ఆదెమ్మ ఆ గదిలోకి పోయారు. మునీశ్వరి కుర్చీని గడప దగ్గర పెట్టారు. ముద్దుకృష్ణ అప్పటికే లోపల టీ తాగుతున్నాడు.

"పరీక్షకు ఈ పిల్లనా?" అన్నాడు గంగాధరం.

"పేరు రిజిస్టర్లో ఉంది కదా సార్" అంది కౌసల్య.

"పేరుండాది మేడం. రాసేదానికి చెయ్యి యాడుండాది?"

"ఈమె చెబితే ఆరో తరగతి పిల్ల ఒకరు పక్కన కూర్చుని రాయొచ్చు. అరగంట ఎక్కువ టైము కూడా ఇస్తారు. చిత్తూరు నుంచి ఆర్డరు తెచ్చినాను, చూడండి."

గంగాధరం కాగితం చదివి బల్లమీద బోర్లించాడు. ముద్దుకృష్ణ గ్లాసు పక్కన పెట్టాడు.

"నేను మూడేండ్లుగా మొత్తుకుంటాండా సార్. దాని మూలుగులకు మా పిల్లోళ్ళకు పాఠాలు ఎక్కడంల్యా. ఇప్పుడు బడి పేరు కూడా పోవాల్నా? దాన్ని ఇంట్లో పెట్టుకుని ఇంత ముద్ద పెట్టుకుంటే పోదా ఆదెమ్మా? యాల నీకీ యాతన?"

గడప దగ్గరనుంచి మునీశ్వరి గొంతెత్తింది. "నేను ఈడే ఉండా. నన్ను అడగండి" అంది. మెడ నరాలు తేలాయి. సొంగ గౌను మీద పడింది.

"ఏమంటాది?" అన్నాడు గంగాధరం ఆదెమ్మను చూసి.

ఆదెమ్మ కూతురి వైపు ఒకసారి, సార్ వైపు ఒకసారి చూసింది. "ఏం లేదు సారూ, దప్పికైతాందంట" అంది.

మునీశ్వరి ఆ రోజంతా తల్లి చేతి ముద్ద తినలేదు.

ఆర్డరును కాదనే ధైర్యం గంగాధరానికి లేదు. నాలుగు రోజులు ఆలోచించి సరేనన్నాడు. రాసిపెట్టడానికి ప్రసన్నలక్ష్మిని ఆయనే ఎంచాడు. ఆరో తరగతిలో మొదటి ర్యాంకు పిల్ల, ముత్యాల్లాంటి రాత. ముద్దుకృష్ణను ఎలా ఒప్పించాడో ఎవరికీ అర్థం కాలేదు. బడి వదిలాక గంటసేపు ఆ పిల్లను తన గదిలో కూర్చోబెట్టుకుని చదివిస్తుంటే, రాత సాధన చేయిస్తున్నాడనుకుంది కౌసల్య. మంచి మనిషిగా మారాడనుకుంది ఆదెమ్మ. మునీశ్వరికి నమ్మకం కలగలేదు. కానీ ఆమెకు ఎవరిమీదా నమ్మకం లేదు కాబట్టి తన అనుమానాన్ని తనే లెక్కచేయలేదు.

పరీక్ష పుంగనూరులో. మొదటి రోజు తెలుగు. సైన్సు సామాన్లు పెట్టే గదిలో వీళ్ళిద్దరికీ విడిగా బల్ల వేశారు. కాపలా టీచరమ్మ కిటికీ దగ్గర కూర్చుని వారపత్రిక తెరిచింది. ఆదెమ్మను గేటు బయటికి పంపేశారు.

చిన్న ప్రశ్నలు సాఫీగా సాగాయి. మునీశ్వరి చెప్పింది, ప్రసన్నలక్ష్మి రాసింది. ఒకే బడి పిల్ల కాబట్టి ఆమెకు మునీశ్వరి మాటలు బాగానే అర్థమవుతాయి. తర్వాత వ్యాసం వచ్చింది. మీ ప్రాంతంలో జరిగే జాతర గురించి రాయమన్నారు.

మునీశ్వరికి ఒళ్ళంతా వేడెక్కింది. ఇది ఎవరూ ఆమెను అడగని ప్రశ్న. గంగమ్మ జాతరకు ఏటా పోతుంది. తల్లి వేపమండలు కట్టుకుని మొక్కు తీర్చుకునేటప్పుడు ఆమెను ఓ పక్కన నేలమీద కూర్చోబెడుతుంది. "జాతరలో నాకు కాళ్ళు కనిపిస్తాయి" అని మొదలుపెట్టింది. "పసుపు కాళ్ళు, బురద కాళ్ళు, ఒంటి మెట్టె కాళ్ళు. కాళ్ళను బట్టి ఎవరు ఏడుస్తూ పోతున్నారో, ఎవరు తాగి పోతున్నారో నాకు తెలుస్తుంది."

ప్రసన్నలక్ష్మి కలం పరుగెడుతోంది. చెప్పే వేగం కంటే ఎక్కువ పరుగెడుతోంది. మునీశ్వరి మెడ వంచి కాగితంలోకి చూసింది.

"మా గ్రామమున జాతర మిక్కిలి వైభవముగా జరుగును. ప్రజలు నూతన వస్త్రములు ధరించెదరు."

"ఏం రాస్తాండావే? నేను సెప్పింది అదా?"

ప్రసన్నలక్ష్మి తలెత్తకుండా గుసగుసగా అంది: "సార్ ఇదే రాయమన్నాడు. వస్తాయనుకున్న ప్రశ్నలన్నీ నాతో బట్టీ కొట్టిచ్చినాడు. నువ్వు ఊరికే నోరు ఆడిస్తా ఉంటే సాలంట."

"పైన రాసినవి?"

"అవీ సార్ సెప్పినవే. నువ్వు సెప్పేది, సార్ సెప్పింది ఒకటే అయితే మంచిదే కదా. ఊరుకో, టీచరమ్మ సూస్తాది."

మునీశ్వరికి కళ్ళ ముందు ఎర్రబడింది. ఆరేళ్ళు. కిటికీలోంచి సగం బల్ల చూస్తూ నేర్చుకున్నది, తన్నులు తిని నేర్చుకున్నది, కరిచి నేర్చుకున్నది. అదంతా లేకపోయినా మునీశ్వరి పాసవుతుంది. గదిలో మునీశ్వరి లేకపోయినా మునీశ్వరి పాసవుతుంది. వరండాలో పెట్టినప్పుడైనా గోనెసంచి మీద తనంటూ ఒకతె ఉండేది. ఇక్కడ అదీ లేదు.

కాగితం లాక్కుందామని చెయ్యి చాపింది. చెయ్యి ఎప్పటిలాగే చెప్పిన దానికంటే ఎక్కువ విసురుగా పోయింది. జవాబు పత్రం అడ్డంగా చిరిగింది. ప్రసన్నలక్ష్మి బావురుమంది. టీచరమ్మ పత్రిక పడేసి లేచింది.

"ఏమైంది? ఫిట్సు వచ్చిందా?"

మునీశ్వరి చెప్పింది. అరిచి చెప్పింది. ఎంత అరిస్తే అంత అర్థం కాకుండా పోయింది. పరీక్షల పెద్దసారు పరుగెత్తుకు వచ్చాడు. చిరిగిన కాగితం, ఏడుస్తున్న పిల్ల, ఊగిపోతున్న ఇంకో పిల్ల. ఆయనకు లెక్క తేలిపోయింది.

"పాపమని ఆ బిడ్డ సాయం చేస్తాంటే చింపుతావా? వాళ్ళమ్మ యాడుండాదో పిలిచి పంపించేయండి."

"నేనేం చేయలా సార్" అని వెక్కింది ప్రసన్నలక్ష్మి.

మునీశ్వరి కలాన్ని పిడికిట్లో బిగించింది. ప్రశ్న పత్రం వెనక్కి తిప్పి, ఎడమ మోచేతిని దాని మీద అదిమి, రాయడం మొదలుపెట్టింది. ఒక్కొక్క అక్షరం కోడిగుడ్డంత వచ్చింది. పెద్దసారు "చాలు, లే" అన్నాడు. ఆమె ఆపలేదు. నాలుగు మాటలు పూర్తయ్యేసరికి కాగితం వెనక భాగం నిండిపోయింది.

"అది నా జవాబు కాదు."

ఆయన అది చదివాడు. ప్రసన్నలక్ష్మి వైపు చూశాడు. ఆ పిల్ల ఏడుపు ఒక్కసారిగా ఆగిపోవడం కూడా చూశాడు. ఆయన ముఖంలో జాలి పోయింది, దాని చోట చిరాకు వచ్చింది. ఇది తన పరీక్షా కేంద్రంలో బయటపడకూడని సంగతి.

"కొత్త పేపరు ఇవ్వండి" అన్నాడు టీచరమ్మతో. "ఇంకా గంటన్నర ఉండాది. రాసుకుంటే రాసుకో. ఫెయిలయితే మమ్మల్ని అనొద్దు."

పేజీకి ఆరు లైన్లు. మధ్యలో రెండుసార్లు చెయ్యి కొయ్యబారిపోతే బల్ల అంచుకు కొట్టుకుని మళ్ళీ పట్టుకుంది. అడిగిన ప్రతిసారీ టీచరమ్మ అదనపు కాగితాన్ని దూరం నుంచే విసిరింది. వ్యాసం రాసింది, మరి నాలుగు ప్రశ్నలు రాసింది. గంట కొట్టేశారు.

గేటు బయట గంగాధరం కాచుకుని ఉన్నాడు. సంగతి అప్పటికే ఆయన చెవిన పడింది. ఆదెమ్మ చంకలో ఉన్న మునీశ్వరిని వేలెత్తి చూపించాడు.

"నిన్ను గట్టెక్కిద్దామని చూస్తే నా మెడకే ఉరి బిగిస్తావా? నువ్వు రాస్తే వచ్చేది సున్నా. నేను రాయిస్తే డెబ్బై వచ్చేది. ఎవురికమ్మా నష్టం? నీ ముఖానికి పాస్ ఇస్తామన్నా వద్దా?"

నిజంగానే తను మంచి చేశాననే ఆయన నమ్మాడు.

బస్టాండులో ఆదెమ్మ కూతుర్ని సిమెంటు బెంచీ మీద దించి, చెంప మీద కొట్టింది. పుట్టిన తర్వాత కొట్టడం అదే మొదలు.

"ఎవురు రాస్తే ఏమే నీకు? పాసయితే సాలు కదా! రేపు హైస్కూల్లో నిన్ను ఎవురు సేర్చుకుంటారు? నేను సచ్చినాక నిన్ను ఎవురు సూస్తారే?"

మునీశ్వరి చెంప రుద్దుకోలేదు. "పాసయ్యేది ఎవురు మ్మా? నేనా, దాని చెయ్యా?" అంది.

ఆదెమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుని, తర్వాత అదే కొంగుతో కూతురి మూతి తుడిచింది.

ముద్దుకృష్ణ మర్నాటినుంచి తన కూతుర్ని పంపలేదు. మిగతా ఐదు పరీక్షలూ మునీశ్వరి ఒక్కతే రాసింది. లెక్కలు బాగా వచ్చాయి. అంకెలకు చోటు తక్కువ పడుతుంది. సాంఘికశాస్త్రంలో చెయ్యి పూర్తిగా మొరాయించింది.

ఫలితాలు వచ్చాయి. ఇరవై నలుగురిలో ఇరవై ముగ్గురు పాసయ్యారు. మునీశ్వరికి లెక్కల్లో యాభై రెండు, తెలుగులో ఇరవై తొమ్మిది, సాంఘికంలో ఇరవై నాలుగు. రెండు సబ్జెక్టులు పోయాయి. గంగాధరం తన గది గోడమీది రాతకు సున్నం కొట్టించాడు. ఆ వారమే పాలకేంద్రంలో ఆదెమ్మ పాలల్లో నీళ్ళున్నాయని ముద్దుకృష్ణ క్యాను తిప్పి పంపాడు. రెండో రోజూ తిప్పి పంపాడు. మూడో రోజునుంచి చిన్నప్ప క్యాను సైకిలుకు కట్టుకుని చౌడేపల్లెకు పోయి పోసి వచ్చేవాడు. మాట తక్కువ మనిషి. పెళ్ళాం ఏడిస్తే, "పోనీలే, దాన్ని మళ్ళా రాయనీ" అన్నాడు అంతే.

కౌసల్య వచ్చి ఇంటి అరుగు మీద కూర్చుంది. ఆమె ముఖం కూడా మాడిపోయి ఉంది.

"నాకు మెమో వచ్చింది తెలుసా? గొడవలు పెట్టే పిల్లకు సిఫారసు చేశానని. నా కాంట్రాక్టు ఉంటుందో ఊడుతుందో. ఆ రెండు గంటలూ ఓర్చుకుని, తర్వాత నాతో చెప్పి ఉంటే నేను చూసుకునేదాన్ని కదా!"

"నువ్వూ మళ్ళా రింగులే ఇస్తాండావు మేడం" అంది మునీశ్వరి.

కౌసల్య ఎర్రబడి లేచిపోయింది. వారం దాకా రాలేదు. వచ్చినప్పుడు పలకరించకుండా ఒక కాగితం ఆదెమ్మ చేతిలో పెట్టింది. తప్పినవాళ్ళకు జూన్‌లో మదనపల్లెలో మళ్ళీ పరీక్ష. రాసే పిల్లను ఆ ఊళ్ళోనే, గంగాధరానికి ముక్కూ ముఖమూ తెలియని బడిలోంచి ఆమే వెతికింది.

టమాటా పెట్టెలు మార్కెట్ యార్డుకు పోయే వ్యానులో, పెట్టెల మధ్య కూర్చుని మదనపల్లె చేరారు తండ్రీ కూతుళ్ళు. రాసే పిల్ల పేరు భార్గవి. పట్టు వ్యాపారి కూతురు. మునీశ్వరి సొంగ చూసి మొహం తిప్పుకుంది. కుర్చీ కాస్త దూరం జరుపుకుంది. స్నేహం చేసే ఉద్దేశం ఏమాత్రం లేదు. మొదట పది నిమిషాలు ఒక్క ముక్క అర్థం కాలేదు. "మళ్ళీ చెప్పు, మళ్ళీ చెప్పు" అని విసుక్కుంది. అర్థమయ్యాక మాత్రం ఏం చెబితే అది, అక్షరం తప్పకుండా రాసింది. తప్పు చెబితే తప్పే రాసింది. ఒకచోట మాట తట్టక మునీశ్వరి గొణుక్కుంటూ గంగాధరాన్ని ఒక బూతు తిట్టింది.

భార్గవి కలం ఆపి, "ఇదీ రాయాల్నా?" అని అడిగింది.

మునీశ్వరి నవ్వింది. నవ్వితే ఒళ్ళంతా ఎగిరిపడుతుంది, కుర్చీ కదిలింది. భార్గవి నవ్వలేదు. ఆవులించింది. ఆ ఆవులింత మునీశ్వరికి నచ్చింది. తన గురించి ఎవరూ ఏమీ అనుకోని చోట కూర్చోవడం అదే మొదటిసారి.

తెలుగులో అరవై ఒకటి, సాంఘికంలో యాభై నాలుగు వచ్చాయి.

టీసీ కోసం పోతే గంగాధరం కూర్చోమనలేదు. నిలబడే రాసి, ముద్ర గుద్ది, ఆదెమ్మ చేతికిచ్చి వెనక్కి తిరిగాడు. ఆదెమ్మకు చదువు రాదు. దారిలో మునీశ్వరి చదివింది. విద్యార్థి ప్రవర్తన అనే చోట అందరికీ తృప్తికరం అని రాస్తారు. ఆమెకు "బాగలేదు" అని రాసి ఉంది.

"ఏం రాసినాడే?" అంది ఆదెమ్మ, భయంగా.

"బాగలేదని."

ఆదెమ్మ దారి మధ్యలో నిలబడిపోయింది. "పోయి కాళ్ళు పట్టుకుందాం పా. మార్చి రాస్తాడు."

"వద్దు మ్మా. నడువు. ఆయప్ప నా గురించి నిజం రాసింది ఇదొక్కటే."

పుంగనూరు హైస్కూల్లో హెడ్మాస్టరు నారాయణస్వామి. ఆయన గదిలో ఫ్యాను కింద పదిమంది తల్లిదండ్రులు నిలబడి ఉన్నారు. మునీశ్వరిని చూసి ఇద్దరు పక్కకు జరిగారు. ఒకామె, "ఇట్లాంటి పిల్లోళ్ళకు వేరే బడులు ఉంటాయి కదా" అంది, వినబడేలాగే. నారాయణస్వామి టీసీ చూసి కనుబొమలు ముడిచాడు.

"ప్రవర్తన బాగలేదంటే ఏం చేసింది ఈ పిల్ల?" అని ఆదెమ్మను అడిగాడు.

ఆదెమ్మ నోరు తెరిచింది. దప్పికని చెప్పిన నోరే అది. కూతురి వైపు చూసింది. తర్వాత పెదవులు మూసుకుని, ఆమె కూర్చున్న కుర్చీని కాస్త ముందుకు, బల్ల దాకా జరిపింది.

"దాన్నే అడగండి సారూ" అంది.

మునీశ్వరి చెప్పడం మొదలుపెట్టింది. మొదటి మాట బయటికి రావడానికే చాలాసేపు పట్టింది. వెనకనుంచి ఎవరో తమకు పనులున్నాయని గొణిగారు. నారాయణస్వామి గోడ గడియారం వైపు చూశాడు, మళ్ళీ ఆమె వైపు చూశాడు.

ఆమె ఆపలేదు.